అమ్మాయి ఆయుధాల ఉద్యోగం వద్దంటోంది, ఇప్పుడెలా?

గుంటూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా పాప కెమికల్ ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. డీఆర్‌డీవోకి ప్రిపేర్ అవ్వమంటే ఆయుధాలు తయారుచేసే పని చెయ్యను, వాటిని లేకుండా చేసే పని చేస్తా అంటోంది. డీఆర్‌డీవో, డిఫెన్స్ డ్రోన్ స్టార్టప్, తను చెప్పే ఈ నిరాయుధీకరణ, మూడిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి."

చెప్తానండి, కానీ ముందు ఒక మాట. పైన వేసింది కొంతే, మీ పూర్తి మెసేజ్‌లో జీతం సంగతి మూడుసార్లుంది, చుట్టాలు ఏమంటారో ఉంది, పాప ఎందుకు వద్దంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు కదా? ఇరవై ఏళ్ల పిల్ల అంత ఆలోచించి చెప్తే పిచ్చిమాటలని కొట్టిపారేస్తే ఎలాగండీ. మీ భయం నాకు తెలుసు, ఆదర్శాలు పట్టుకుని ఇంట్లో ఖాళీగా కూర్చుంటుందేమోనని. కూర్చోదు.

ఎందుకంటే ఆ పనీ ఇంజనీర్లదే. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చింది, మన దేశం తన దగ్గరున్న నిల్వల్ని ప్రకటించి 2009కల్లా మొత్తం నాశనం చేసింది, దేశాలు ప్రకటించిన నిల్వల్లో ఆఖరివి 2023 జులైలో అమెరికాలో అయిపోయాయి. విషాన్ని చుక్క లీకవకుండా కాల్చాలన్నా, విడగొట్టాలన్నా రియాక్టర్లు, వేస్ట్ ట్రీట్‌మెంట్ తెలిసినవాళ్లు కావాలి, పాప చదివేదే అది. ఇంకేం మిగిలిందంటారా, మన మిర్చి, పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులున్నాయి కదా, 1936లో జర్మనీలో అలాంటి పురుగుమందు కోసం వెతుకుతుంటేనే టబున్ అనే నెర్వ్ ఏజెంట్, అంటే నరాల్ని దెబ్బతీసే విషం, బయటపడింది. అందుకే కెమికల్ ఫ్యాక్టరీల తనిఖీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అవి చేసేది నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉండే ఓపీసీడబ్ల్యూ అనే రసాయన ఆయుధాల నిషేధ సంస్థ, 2013లో నోబెల్ శాంతి బహుమతి దానికే వచ్చింది. అయితే డిగ్రీ చేతికి రాగానే అక్కడ తీసుకోరు, ఏళ్ల అనుభవం అడుగుతారు, తీసుకున్నా మొత్తం మీద ఏడేళ్లకి మించి ఉంచరు. అంటే ముందు చాలా ఏళ్లు ఫార్మాలోనో రిఫైనరీలోనో మామూలు జీతంతో మామూలు ఉద్యోగమే చేస్తుంది, మీరు బెంగపడాల్సింది ఏముంది?

డ్రోన్ల సంగతే నాకు అనుమానం. 2024 అక్టోబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర డ్రోన్ షో చూసిన దగ్గర్నుంచి, 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత మరీను, నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులంతా ఇదే మాట. ఆర్మీ ఆర్డర్ ఊరికే రాదండి, ట్రయల్స్, టెండర్లు, మళ్లీ ట్రయల్స్, ఈలోపు జీతాలిచ్చేది ఇన్వెస్టర్ డబ్బుల్లోంచి. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి అలాంటి కంపెనీలో చేరితే ఎనిమిది నెలలకే జీతం ఆగింది. చేరేముందు చేతిలో ఆర్డర్ ఉందా అని అడగాలి, ఎవరూ అడగరు. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కోర్సులకి డబ్బు కట్టకండి, అది ఎగరేయడానికి పనికొస్తుంది, డిజైన్ ఉద్యోగం ఇప్పించదు.

డీఆర్‌డీవో అంటే అన్నీ మిసైళ్లే అని పాప అనుకుంటోందేమో. గ్వాలియర్‌లో డీఆర్‌డీఈ అని వాళ్ల ల్యాబ్ ఉంది, విషవాయువుల్ని పసిగట్టడం, వాటి నుంచి సైనికుల్ని కాపాడటం వాళ్ల పని. దాని గురించి చదవమనండి, అయినా వద్దంటే వదిలేయండి, మళ్లీ ఎత్తకండి. గేట్ మాత్రం రాయమనండి, అది ఎటెళ్లినా పనికొస్తుంది. ఈ వేసవి ఇంటర్న్‌షిప్‌కి ఏదైనా ప్లాంట్‌లో ప్రాసెస్ సేఫ్టీ, అంటే ప్లాంట్‌లో ప్రమాదాలు జరక్కుండా చూసే డిపార్ట్‌మెంటే అడగమనండి, దూరమైనా పంపండి.