టెక్ సందేహాలు: పంపు ఆగితే ఆ నీళ్లెక్కడికి పోతాయి?

ప్రశ్న: మా అక్వేరియం కొలతలు 180×60×60 సెం.మీ. కింద 90×40×40 సంప్ (ఫిల్టర్ తొట్టి) ఉంది, అందులో నీళ్లు 30 సెం.మీ. దాకా ఉంటాయి. సంప్ నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపును వైఫై కంట్రోలర్‌కి కలిపాను. రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పడి పంపు ఆగింది, పొద్దున లేచేసరికి హాలంతా నీళ్లు. ఈ అప్‌డేట్లు రాకుండా ఆపేదెలా?

జవాబు: అప్‌డేట్లు ఆపినంత మాత్రాన మీ సమస్య తీరదు. ఆ అప్‌డేట్ చేసిందల్లా పంపును కాసేపు ఆపడమే. రేపు కరెంటు పోయినా, ప్లగ్గు వదులైనా మళ్లీ హాల్లో నీళ్లే. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. అందరూ యాప్‌ను తిడుతున్నారు తప్ప సంప్ లెక్క వేసుకున్నవాళ్లు కనిపించడం లేదు. ముందు ఆ లెక్క చూద్దాం.

మీ ట్యాంకులో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 10.8 లీటర్లు కిందికి వస్తాయి. పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్‌గా మారుతుంది. దాని మూతిలోకి గాలి దూరేదాకా ట్యాంకు నీళ్లను కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ మూతి ఎంత లోతున ఉందో మీరు రాయలేదు. 6 సెం.మీ. అనుకుంటే 65 లీటర్లు. పైపుల్లో, ఓవర్‌ఫ్లో బాక్సులో (ట్యాంకు పైమట్టం నీళ్లను కిందికి దింపే పెట్టె) ఉన్నది ఇంకో పది వేసుకోండి. మీ సంప్‌లో ఖాళీ ఉన్నది పై 10 సెం.మీ. మాత్రమే, అంటే 36 లీటర్లు. మిగతా 39 లీటర్లు హాల్లోకి వస్తాయి.

రిటర్న్ మూతిని నీటి పైమట్టానికి 2 సెం.మీ. లోతుకు ఎత్తండి. అప్పుడు దిగేది మొత్తం 32 లీటర్లు. సంప్‌లో మట్టం అంచుకు ఒక సెంటీమీటరు దగ్గరగా వచ్చి ఆగుతుంది. అది కూడా చాలని జాగ్రత్తే. సంప్ లోపలి అడ్డు గాజులను 22 సెం.మీ.కి తగ్గించి అతికించుకోగలిగితే ఖాళీ 65 లీటర్లకు పెరుగుతుంది, అందులో సగమే వాడుకలోకి వస్తుంది. ఓవర్‌ఫ్లో బాక్సు అంచున దువ్వెనలా ఉండే పళ్ల అడుగు రిటర్న్ మూతి కంటే కిందికి ఉంటే లెక్క ఆ పళ్ల దగ్గర నుంచి వేయాలి.

చెక్ వాల్వ్ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వ్) పెడితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. దాని రబ్బరు మీద నాచు, సున్నం పేరుకుంటాయి, ఒక చిన్న నత్త ఇరుక్కున్నా మూత పూర్తిగా పడదు. పైపుకు నీటిమట్టం కిందే చిన్న రంధ్రం పెట్టి సైఫన్ తెంచడం మంచి పద్ధతే కానీ ఆ రంధ్రాన్ని నెలకోసారి పుల్లతో పొడిచి శుభ్రం చేసేవాళ్లకే అది పనికొస్తుంది. ఈ రెండూ అదనపు రక్షణలే. అసలు రక్షణ సంప్‌లో ఉన్న ఖాళీ.

తిరగేసి కూడా చూడాలి. కిందికి దిగే పైపులో ఆకో చేపో అడ్డుపడితే పంపు మాత్రం నీళ్లు పైకి తోస్తూనే ఉంటుంది. సంప్‌లో పంపు ఉండే రిటర్న్ గది 30×40, నీళ్లు 22 సెం.మీ. అయితే అందులో ఉన్నది మహా అయితే 26 లీటర్లు. అవి పైకి వెళ్తే ట్యాంకులో మట్టం రెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. అందుకే ట్యాంకు పైన 4 సెం.మీ. ఖాళీ ఉంచాలి. ఆటో టాప్‌అప్ (ఆవిరైన నీళ్లను తనంతట తానే నింపే పరికరం) పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. రిటర్న్ గదిలో మట్టం పడిపోవడం చూసి అది నీళ్లు ఆవిరైపోయాయనుకుంటుంది, కొత్త నీళ్లు వదులుతూనే ఉంటుంది. ఆ 4 సెం.మీ.లో పట్టేది 43 లీటర్లు. అందులో 26 తీసేస్తే 17. కాబట్టి టాప్‌అప్ డబ్బా 15 లీటర్లు మించకూడదు, దాన్ని కుళాయికి నేరుగా కలపనే కూడదు. తరచూ నింపుకోవాల్సి వస్తుంది, నింపుకోండి.

ప్రశ్న: పంపు పెట్టె మీద గంటకు 6000 లీటర్లని ఉంది. పైకి అందులో సగం కూడా రావడం లేదు. యాప్‌లో మాత్రం వంద శాతం చూపిస్తోంది.

జవాబు: పెట్టె మీది అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. యాప్ చూపించేది మోటారు వేగం, నీటి ప్రవాహం కాదు. పైపు మూతి కింద 10 లీటర్ల బకెట్టు పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. పది సెకన్లలో నిండితే గంటకు 3600 లీటర్లు. 648 లీటర్ల ట్యాంకుకు సంప్ గుండా అంతకు మించి తిప్పాల్సిన పని లేదు. అంతకంటే తక్కువ వస్తోందంటే పైపు సన్నదై ఉండొచ్చు. పంపు మూతి 25 మి.మీ. ఉంటే అక్కడి నుంచే 32 మి.మీ. పైపు వేయండి. ఒక 90 డిగ్రీల ఎల్బో స్థానంలో రెండు 45 డిగ్రీలవి వాడండి. పంపు దగ్గర యూనియన్ (విప్పి బిగించే జోడింపు) లేకపోతే శుభ్రం చేయాల్సిన రోజు పైపు కోయాల్సి వస్తుంది. దిగే పైపుకు బాల్ వాల్వ్ కాకుండా గేట్ వాల్వ్ పెట్టండి, వెంట్రుకవాసి సర్దుబాటు దానితోనే కుదురుతుంది. పక్కన మామూలుగా నీళ్లు పారని అత్యవసర పైపు ఒకటి తప్పనిసరి, దానికి వాల్వ్ ఉండకూడదు.

ప్రశ్న: చేపల తొట్టిని ఎవరు హ్యాక్ చేస్తారండీ? పాస్‌వర్డ్ మార్చకపోతే ఏమవుతుంది?

జవాబు: 2017లో డార్క్‌ట్రేస్ అనే భద్రతా సంస్థ ఒక నివేదికలో ఉత్తర అమెరికాలోని ఒక కాసినో ఉదంతం ప్రస్తావించింది. అక్కడ ఇంటర్నెట్‌కు కలిపిన చేపల తొట్టి ద్వారా చొరబడి, దాదాపు 10 జీబీ డేటాను ఫిన్లండ్‌లోని ఒక పరికరానికి పంపేశారు. వాళ్లకు చేపలతో పని లేదు, ఆ తొట్టి ఉన్న నెట్‌వర్క్‌తో పని. మీ కంట్రోలర్ ఉన్న వైఫైలోనే మీ ల్యాప్‌టాప్, ఫోన్లు, కెమెరాలు ఉంటాయి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా ఉన్న పరికరాల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకున్నది ఆ దారిలోనే.

కంట్రోలర్‌ను రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు మార్చండి. బయటి నుంచి చూసుకోవాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంటి పరికరానికి రౌటర్‌లో తెరిచే దారి) తెరిచి ఉంటే ఈరోజే మూసేయండి, పరికరాలు తమంతట తామే అలాంటి దారి తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ కూడా ఆపండి. యాప్ ఖాతాకు ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. భద్రతా అప్‌డేట్లు మానొద్దు. ఆటోమేటిక్ మాత్రం ఆపి, మీరు మెలకువగా, తొట్టి ముందు ఉన్నప్పుడు వేసుకోండి.

ఇక ఈ పరికరాలు తయారుచేసేవాళ్ల సంగతి. సర్వర్ అందకపోతే పంపు వేగం కూడా మార్చనివ్వని కంట్రోలర్లు వస్తున్నాయి. మొక్కలు, చేపలు ఊపిరి పీల్చుకునే యంత్రానికి లాగిన్ ఎందుకు? రీస్టార్ట్ తర్వాత పంపు పాత వేగానికి రావాలా, ఆగి ఉండాలా అన్నది యజమాని ఇష్టం. ఆ ఎంపికే కొన్నింటిలో లేదు. ఫోన్‌కు మెసేజ్ పంపడాన్ని ‘వరద రక్షణ’ అని అమ్మడం మరీ అన్యాయం. మెసేజ్ చదివేసరికి నీళ్లు తలుపు దాటుతాయి. రక్షణ అంటే ట్యాంకు పైఅంచున ఒక ఫ్లోట్ స్విచ్, అది రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా పంపు కరెంటును నేరుగా తెంచాలి, మధ్యలో యాప్ గానీ వైఫై గానీ ఉండకూడదు. రిటర్న్ గది అడుగున నీళ్లు లేకుండా పంపు తిరగకుండా ఇంకొకటి. మొత్తం లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే లైను తెంచే పరికరం). ఈ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ఇవన్నీ అయ్యాక కంట్రోలర్‌లో కాదు, గోడ దగ్గరే స్విచ్ ఆపండి. పైనుంచి నీళ్లు రావడం పూర్తిగా ఆగేదాకా సంప్ ముందే ఉండండి. మళ్లీ వేయండి, ఆపండి, ఇలా పదిసార్లు. వేసిన ప్రతిసారీ దిగే పైపులోని గాలి పోయేదాకా అత్యవసర పైపు నీళ్లు తీసుకుంటోందా చూడండి. పదోసారి కూడా చుక్క బయట పడకపోతే, పంపు నడుస్తుండగా రిటర్న్ గదిలో నీళ్లు ఎక్కడున్నాయో అక్కడ గాజు మీద మార్కర్‌తో గీత గీయండి. ఇంట్లో ఎవరు నీళ్లు పోసినా ఆ గీత దాటకూడదు.