భీమిలి రోడ్డు, వంజరం వేపుడు

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్‌ం వీకెండ్‌కి వైజాగ్ వెళ్దామనుకుంటున్నాం, సముద్రం చూడాలి, చేపలు బాగా తినాలి, ఎప్పుడు వెళ్తే మంచిదండీ? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం అండీ, చేపల కోసమే అయితే ఆ రెండు నెలలు వదిలేయండి. ఆర్కే బీచ్ దగ్గరే ఆగిపోకుండా పొద్దున్నే భీమిలి రోడ్డెక్కేయండి, కుడిపక్కంతా సముద్రమే, మధ్యలో తొట్లకొండ బౌద్ధారామం ఎక్కితే పైనుంచి ఆ నీలం చూసి దిగబుద్ధి కాదు, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల పాత సమాధులు చూసుకుని మధ్యాహ్నానికి వేడన్నం, వంజరం వేపుడు, రొయ్యల ఇగురు. అక్కడికెళ్లి కూడా బిర్యానీ ఆర్డర్ చేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా. రుషికొండ బీచ్‌లో మాత్రం గార్డులు చెప్పిన హద్దు దాటి లోపలికి దిగకండి, ప్లీజ్.