వసంతంలో చలిగాలి: వారం చలిగా ఉంటుందా, వారంలో చలి వేస్తుందా?

సందేహం: మధ్య అక్షాంశాల్లోని, అంటే ఉష్ణమండలానికీ ధ్రువ ప్రాంతానికీ నడుమ ఉన్న ఒక ప్రాంతానికి సంబంధించిన ఇంగ్లిషు వాతావరణ నివేదికను తెలుగు చేస్తున్నాను. ఏప్రిల్ తొలి వారం ఎలా ఉండబోతోందో అందులో ఉంది: చలి, విసురుగాలి, వచ్చిపోయే జల్లులు, అక్కడక్కడ వడగళ్ళు, మధ్యమధ్య ఎండ. మొదటి వాక్యం ‘ఈ వసంత వారం చలిగా, గాలిగా, అస్థిరంగా ఉంటుంది’ అని రాస్తే చదివినవాళ్ళు నవ్వారు. ‘చల్లగా’ అనమని ఒకరు, ‘శీతల గాలులు’ అనమని మరొకరు, ‘ఈదురుగాలులు’ అంటే అన్నీ వచ్చేస్తాయని ఇంకొకరు సలహా ఇచ్చారు. అసలు వసంతంలో చలేమిటని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఏది సరైనది? పనిలో పనిగా, గాలులు ‘వీచాయి’ అనాలా, ‘వీశాయి’ అనాలా?

సమాధానం: మీ వాక్యంలో తెలుగు కాని మాట ఒక్కటీ లేదు. అయినా నవ్వు వచ్చిందంటే కూర్పు దగ్గర తేడా ఉందన్నమాట. తెలుగులో వారం చలిగా ఉండదు, వారంలో చలి వేస్తుంది. ఎండావానల సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు మన భాష విశేషణాల కంటే క్రియలనే ఎక్కువగా నమ్ముకుంటుంది. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, ఉక్క పోస్తుంది, మబ్బు కమ్ముతుంది, పిడుగు పడుతుంది. దేని క్రియ దానిదే. ‘వాన కాస్తుంది’ అనీ ‘ఉక్క వీస్తుంది’ అనీ మాటలు నేర్చుకునే పిల్లలు కూడా అనరు. మీరు ఈ క్రియలన్నిటినీ పక్కన పెట్టి ‘ఉంటుంది’ ఒక్కదాని మీద వారం బరువంతా మోపారు.

‘చలిగా ఉంది’, ‘ఎండగా ఉంది’, ‘మబ్బుగా ఉంది’ అని రోజూ అంటూనే ఉన్నాం కదా అంటారేమో. అంటాం. ఆ వాక్యాలను కాస్త దగ్గరగా చూడండి. ‘బయట ఎండగా ఉంది’లో కర్త లేడు. ‘బయట’ అనేది చోటు మాత్రమే. ‘నాకు చలిగా ఉంది’లో ‘నాకు’ అనేది ఆ చలి ఎవరికి తెలుస్తోందో చెబుతుంది. చోటు గాని, అనుభవించే మనిషి గాని ఉంటే ‘-గా ఉంది’ హాయిగా ఒదుగుతుంది. ‘గాలిగా ఉంది, కిటికీ వెయ్యి’ అనడమూ అలాంటిదే, వాడుకలో తప్పేమీ కాదు. ఆ చోటులో ‘వారం’ను తెచ్చి కర్తగా కూర్చోబెట్టినప్పుడే వాక్యం బిగుసుకుపోతుంది. ‘ఈ వారం’ను కాలాన్ని చెప్పే మాటగా వదిలేసి, చలికీ గాలికీ కర్తృత్వం ఇచ్చేయండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఇక చలి, చల్లదనం. రెండూ ఒకే కుదురువి, పొత్తు మాత్రం కుదరదు. నీళ్ళు చల్లగా ఉంటాయి గాని చలిగా ఉండవు. ‘గది చల్లగా ఉంది’ అంటాం. అదే గదిలో వణుకు పుడితే ‘గదిలో చలిగా ఉంది’ అంటాం. విభక్తి మారింది, దాంతో పాటు మన సుఖమూ మారింది. చల్లదనం వస్తువు గుణం, చలి ఒంటికి తెలిసే బాధ. పైగా ‘చల్ల’ చుట్టూ మన భాష ఎంతో దయను పోగుచేసింది. చల్లని చూపు, చల్లని మాట, కడుపు చల్లగా, చల్లగా ఉండమన్న దీవెన, పెద్దల చలవ. ‘ఈ వారం చల్లగా ఉంటుంది’ అని రాస్తే తెలుగు పాఠకుడు హమ్మయ్య అనుకుంటాడు. మీ నివేదిక చెప్పేది స్వెట్టరు తీసి దగ్గర పెట్టుకోమని. కాబట్టి ‘చల్లగా’ అన్న సలహాను వదిలేయండి. ఈ సందులోనే ఇంకొకటి: ‘ఉష్ణోగ్రతలు చల్లగా ఉంటాయి’ అని కొందరు రాస్తున్నారు. ఉష్ణోగ్రత ఒక కొలత. అది తగ్గుతుంది, పెరుగుతుంది, అంతే. బరువు లావుగా ఉందని అనం కదా.

‘శీతల గాలులు’ అన్న సలహా మరింత ప్రమాదం. మన పత్రికల్లో, హెచ్చరికల్లో ఈ మాట ఒక ప్రత్యేకమైన అర్థంలో స్థిరపడిపోయింది. భారత వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే, ఆ స్థితిని తెలుగులో శీతల గాలులనో చలిగాలులనో అంటున్నాం. విచిత్రమేమిటంటే ఆ నిర్వచనంలో గాలి ఊసే లేదు. ఆకు కదలని రాత్రి, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేల వేడి పైకి పోయి చలి మరింత ముదురుతుంది. అప్పుడు కూడా పత్రికలో వచ్చేది ‘శీతల గాలులు’ అనే. వేసవిలో వడగాడ్పులు అనే మాట ఉంది కాబట్టి దానికి జోడీగా చలికాలానికి దీన్ని తెచ్చారని నా ఊహ. వడగాడ్పు అన్న మాటకు అసలు అర్థం వేడిగాలే. ఇక్కడ పేరులో తప్ప గాలి ఉండి తీరాలని లేదు.

మీ నివేదికలోని గాలి మాత్రం నిజమైన గాలి. అందుకే ఏకవచనంలో ‘చలిగాలి’ అనండి. ఈ సమాసం చేసే పని చిన్నది కాదు. ఒంటి చుట్టూ మన వేడితో వెచ్చబడిన పలుచని గాలిపొర ఒకటి ఉంటుంది. వీచే గాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, అమెరికా, కెనడాలు 2001లో తెచ్చిన సూత్రం ప్రకారం ఒంటికి 0 డిగ్రీల చలిలా తెలుస్తుంది. చలినీ గాలినీ విడివిడిగా చెబితే ఈ కలయిక అందదు. ‘చలిగా, గాలిగా’ అన్న మీ రెండు మాటల కంటే ‘చలిగాలి’ అన్న ఒక్క మాట బలమైనది అందుకే. ఏకవచనం ఎందుకంటే, మాటల్లో మనం గాలి వీస్తోందనే అంటాం. ‘గాలులు’ చాలావరకు పత్రికలు పెంచిన బహువచనం. తప్పని అనను, కానీ అవసరం లేని చోట మాట బరువెక్కుతుంది.

ఈదురుగాలి సంగతి చూద్దాం. నిఘంటువుల్లో దీనికి ‘ఈదర’ అనే రూపమూ కనిపిస్తుంది, అర్థం చలిగాలి. ఒళ్ళు జిల్లుమనిపిస్తూ, చాలాసార్లు వానను వెంటబెట్టుకొని విసిరికొట్టే గాలి అది. ఇప్పుడు వార్తల్లో ‘గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అని వినివిని, ఉన్నట్టుండి విసురుగా వీచే ఏ గాలికైనా ఈ పేరు పెట్టేస్తున్నాం. మండువేసవిలో దుమ్ము రేపే గాలి కూడా ఈదురుగాలే అయిపోయింది. నన్నడిగితే దానికి గాలిదుమారం అన్న మాట ఉండనే ఉంది. మీ నివేదికలో చలి ఉంది, విసురు ఉంది, వాన ఉంది. అంటే ఈదురుగాలి పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ అతుకుతుంది. మూడో మిత్రుడి సలహా పనికొస్తుంది. అయితే వారమంతటికీ వాడకండి. జల్లు ముంచుకొచ్చే ముందు రివ్వున వీచే దానికే దాచుకోండి. రోజంతా ఒకే ఒరవడిలో వీచేది ఈదురు కాదు.

గాలి బలం చెప్పాల్సి వస్తే వట్టి అంకె కంటే గుర్తు మేలు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో కూర్చిన కొలమానం ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఇప్పుడు దాన్ని నేల మీది గుర్తులతో చెబుతున్నప్పుడు, 5వ అంచెలో ఆకులున్న చిన్న చెట్లు ఊగుతాయి, 6లో పెద్ద కొమ్మలు కదులుతాయి, గొడుగు నిలవడం కష్టమవుతుంది. ‘గొడుగు నిలవని గాలి’ అంటే చాలు, అది గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి అని చెప్పినట్టే. మనకూ పిల్లగాలి, తెమ్మెర, హోరుగాలి, పెనుగాలి అంటూ అంచెలున్నాయి, అంకెలు కట్టలేదు గాని.

ఒక హెచ్చరిక కూడా. ‘గాలీ వానా’ వేరు, ‘గాలివాన’ వేరు. మొదటిది రెండు వస్తువులు. రెండోది ఇళ్ళ కప్పులు లేపేసే ఒకే ఒక్క ఉత్పాతం. దీర్ఘం పొరపాటున జారిపోతే జనం బెదిరిపోతారు. ఇలాంటి బెదురే ‘వాయుగుండం’తోనూ ఉంది. మన వాడుకలో అది ఉష్ణమండల సముద్రం మీద పుట్టి, గాలివేగం 17 నుంచి 27 నాట్లు, అంటే గంటకు సుమారు 31 నుంచి 50 కిలోమీటర్లు ఉన్న అల్పపీడన వ్యవస్థ. దాని తర్వాత తుపాను వస్తుందేమోనని మనసు ముందుకు పరుగెడుతుంది. మధ్య అక్షాంశాల్లో వారానికి ఒకటీ రెండూ సాగిపోయేవి చల్లని గాలిరాశీ వెచ్చని గాలిరాశీ ఒరుసుకునే చోట పుట్టేవి. పుట్టుక వేరు, నడక వేరు. అక్కడ ‘అల్పపీడనం’తోనే ఆగండి.

మీ మూడో మాట ‘అస్థిరంగా’. దీనితో చిక్కు ఏమిటంటే, వాతావరణ శాస్త్రంలో అస్థిరత అనేది మరొక విషయానికి పేరు. వసంతంలో ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, పైన ఎత్తులో గాలి ఇంకా చలికాలాన్ని వదలదు. కింద వెచ్చన, పైన చలి. అప్పుడు తేమగాలి బుడగల్లా పైకి లేచి, క్యుములోనింబస్ అనే ఉరుము మేఘాలై, జల్లులూ ఉరుములూ ఒక్కోసారి వడగళ్ళూ కురిపిస్తుంది. ఆ పైకి లేచే తత్వమే అస్థిరత. మీ నివేదిక చెబుతున్నది దానికంటే మామూలు సంగతి: పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదని. దానికి ‘నిలకడ’ ఉంది. వాతావరణం నిలకడగా ఉండదు, పూటకో తీరుగా ఉంటుంది, ఇంకా కుదుటపడలేదు. వీటిలో ఏదైనా సరే. రోగి ఆరోగ్యం విషయంలో రోజూ వాడే నిలకడను వాతావరణానికి వాడడానికి మొహమాటమెందుకు?

వాన మాటల్లోనూ కాస్త ఆచితూచి వెళ్ళండి. ‘ముసురు’ పట్టిందంటే రోజులకొద్దీ వదలని సన్నవాన. ‘జడి’ కూడా ఆగనిదే, కాకపోతే జోరుది. వచ్చి పోయే వానకు ‘జల్లు’ సరైన మాట. మధ్యలో కాసేపు ఎండ వచ్చే సందులను కొందరు ‘ఎండ విరామాలు’ అని రాస్తున్నారు. చదివితే ఎండ సెలవు పెట్టినట్టు ఉంటుంది. దీనికి తెలుగులో అచ్చంగా అమరిన మాట ‘తెరిపి’. వాన తెరిపి ఇచ్చింది అంటాం. పూర్తిగా ఆగిపోతే వాన వెలిసింది అంటాం. తెరిపి ఇచ్చిన వాన మళ్ళీ వస్తుంది, వెలిసిన వాన ఇప్పట్లో రాదు. నిలకడలేని వారానికి కావలసినంత తేడా ఈ రెండు క్రియల్లో ఉంది.

వసంతంలో చలేమిటన్న ప్రశ్నకు వస్తాను. చైత్ర వైశాఖాలు మనకు వసంతం. తెలుగు నేల మీద అప్పటికే ఎండ ముదురుతుంది. వాతావరణ శాఖ నాలుగు కాలాల లెక్కలో వసంతానికి చోటే లేదు, మార్చి నుంచి మే వరకు వేసవి కిందే కట్టింది. మిగిలింది కావ్యాల వసంతం. అందులో గాలికి శైత్యం (చల్లదనం), సౌరభ్యం (పరిమళం), మాంద్యం (మెల్లగా వీయడం) అని మూడు గుణాలు చెప్పారు. అంటే చల్లదనం మన వసంతానికి పరాయిదేమీ కాదు. మీ నివేదికలోని గాలికి మూడింటిలో శైత్యం ఒక్కటే ఉంది, మాంద్యం బొత్తిగా లేదు, సౌరభ్యం సంగతి నివేదిక చెప్పదు. ‘వసంతం’ అన్న మాటను మాత్రం ఉంచండి, పక్కనే నెల పేరు రాయండి. భూమధ్యరేఖకు దక్షిణాన వసంతం సెప్టెంబరు నుంచి నవంబరు వరకు. అక్కడ చలిగాలి దక్షిణం నుంచే వస్తుంది కాబట్టి దక్షిణపు గాలి అనగానే మలయమారుతం అనుకునే మనవాళ్ళకు నెల పేరే దారి చూపాలి. ‘ఆమని’ పాటకు బాగుంటుంది, నివేదికకు వద్దు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ఏప్రిల్ తొలి వారమంతా చలిగాలి వీస్తుంది. వాతావరణం నిలకడగా ఉండదు. పొద్దున ఎండ కాసినా మధ్యాహ్నానికి మబ్బు పట్టి, ఈదురుగాలితో జల్లులు పడతాయి. అక్కడక్కడ వడగళ్ళు పడవచ్చు. మధ్యమధ్య తెరిపి ఇచ్చినా ఎక్కువసేపు నిలవదు. పగటి ఉష్ణోగ్రత మామూలు కంటే తక్కువగా ఉంటుంది.’ మీ ఒక్క వాక్యం ఆరయింది. ఇంగ్లిషు మూడు విశేషణాల్లో దాచిందాన్ని తెలుగు విప్పి చెబుతుంది కాబట్టి స్థలం ఎక్కువే పడుతుంది. తెలంగాణ పాఠకుల కోసమైతే వడగళ్ళను రాళ్ళవాన అనీ, మబ్బును మొగులు అనీ నిస్సంకోచంగా మార్చుకోవచ్చు.

చివరిది, ‘వీచు’. చు-తో ముగిసే ఇలాంటి ధాతువులకు త-కారం తగిలితే చ-కారం స-కారమవుతుంది: లేచు, లేస్తుంది, తోచు, తోస్తుంది, వీచు, వీస్తుంది. భూతకాలంలో త-కారం లేదు కాబట్టి చ-కారం నిలుస్తుంది: లేచింది, తోచింది, వీచింది. కాచు, పూచు వంటివి మాత్రం భూతంలోనూ స-కారం వైపు జరిగిపోయాయి. ఎండ కాసింది, చెట్టు పూసింది అంటున్నాం. ఆ పోలికతో ‘వీశాయి’ కూడా అక్కడక్కడా వినిపిస్తుంది. వ్యవహారంలో ఇంకా ‘వీచాయి’దే పైచేయి. రాతలో దాన్నే ఉంచండి. ‘వీస్తున్నాయి’ని మాత్రం ‘వీచుతున్నాయి’ అని దిద్దకండి, అది ఇవాళ్టి వచనానికి పొసగదు.