‘దృశ్యం’ ఫస్టాఫ్ నెమ్మది: లోపమా, బలమా?

2014 తెలుగు ‘దృశ్యం’ రివ్యూలో మొదటి సగం సాగదీత అని రాస్తే అందరూ విరుచుకుపడుతున్నారు, ఏం చేయాలి అన్నారు కదండీ. ఆ మాట తీసేయకండి, కుదించండి. (సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

ఇంటర్వెల్‌కు ముందున్న సీన్లన్నీ కాగితం మీద వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన అది తర్వాత ఎక్కడ పనికొచ్చిందో రాయండి. హీరో రాంబాబు తన కేబుల్ టీవీ ఆఫీసులో కూర్చుని సినిమాలు చూడటం, కానిస్టేబుల్‌తో పడకపోవడం, ఈ రెండూ లేకుంటే సెకండాఫ్ కూలిపోతుంది. పెద్దగా చదువుకోనివాడికి అంత పకడ్బందీ ఎత్తు ఎలా తట్టిందో మొదటిది చెబుతుంది. కనబడకుండా పోయిన కుర్రాడి కారులో రాంబాబును చూశానన్న ఆ కానిస్టేబుల్ మాట పగతో చెప్పిందా, నిజమా అన్న సందేహం రెండోదాని వల్లే పుడుతుంది. పక్కన ఖాళీ మిగిలిన సీన్లే సాగదీత. అవేవో విడిగా చెప్పండి, ఎవరూ కాదనలేరు.

ఆ కుర్రాణ్ణి చంపిందెవరో మనకు ముందే తెలుసు కాబట్టి ఉత్కంఠంతా రాంబాబు కుటుంబం దొరుకుతుందా లేదా అన్నదాని మీదే. ఆ రోజు ఊళ్లో లేమని చూపించే టికెట్లు, బిల్లుల కంటే సాక్షుల జ్ఞాపకంలో తేదీని మార్చేయడం అసలు తెలివి. మీ రివ్యూలో దీనికే ఎక్కువ చోటివ్వండి.

గట్టి లోపం కావాలంటే, కొడుకు కనబడని కేసును తల్లి అయిన పోలీసు ఐజీయే దగ్గరుండి నడిపించడం పట్టుకోండి.