బీప్‌కీ ఫార్మాట్‌కీ ఏం సంబంధం?

ప్రశ్న: మాది ఆరేళ్ల నాటి డెస్క్‌టాప్. వారం రోజులుగా స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది గానీ స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు. ఆగి ఆగి పొడవుగా బీప్ అంటోంది. షాపులో అడిగితే విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి, సీపీయూ వదిలి వెళ్లండి అన్నారు. అందులో పాప ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. ఇవ్వమంటారా? – ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అలాగే ఇవ్వకండి. వానలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న వరసపెట్టి వస్తుంది. సగం ఉత్తరాల్లో, ఉన్నదంతా తుడిచేసే ఆ ‘ఫార్మాట్’ మాట కూడా ఉంటుంది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదే. కరెంటు అందగానే, భాగాలన్నీ తగిలించి ఉండే మదర్‌బోర్డు ముందు తన ఒళ్లు తాను తడుముకుంటుంది: ప్రాసెసర్ బాగుందా, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) పలుకుతోందా, డిస్‌ప్లే ఉందా అని. అవి కుదిరాకే విండోస్, మీ ఫొటోలు ఉండే డిస్క్ జోలికి వెళుతుంది. మీది మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. విండోస్ దాకా వెళ్లనే లేదు, అది పోయిందని వాళ్లకెలా తెలిసింది?

బీప్‌ల లెక్క బయోస్‌ను (బోర్డులోనే ఉండి ఈ తొలి పరీక్ష చేసే ప్రోగ్రామ్) బట్టి మారుతుంది. ఒక పొడవు, రెండు పొట్టి అయితే సాధారణంగా డిస్‌ప్లే గొడవ. మీలా ఆగి ఆగి పొడవుగా మోగితే నా అనుమానం ముందు ర్యామ్ మీదకే పోతుంది.

ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, సన్నటి పట్టీలా ఉండే ర్యామ్‌ను బయటకు తీయండి. కింది అంచున బంగారు రంగు పళ్ల వరస ఉంటుంది, తేమకు మసకబారుతుంది. పాప పెన్సిల్ రబ్బరుతో దాన్ని మెల్లగా రుద్దితే నలుపంతా రబ్బరుకు అంటుకుంటుంది. పొట్టు దులిపి, పళ్ల మధ్య ఉండే గాటు స్లాట్‌తో సరిచూసుకుని, టక్‌మనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడండి. ఒకదానితో ఆన్ అయి రెండోదానితో అరిస్తే దొంగ దొరికినట్టే. (కీబోర్డు మీద ఏమైనా పెట్టారేమో కూడా చూడండి. మా బంధువుల ఇంట్లో పంచాంగం ఒక కీని నొక్కేసి రెండు రోజులు బీప్ కొట్టించింది.)

దీనికీ లొంగకపోతే షాపుకు వెళ్లాల్సిందే. కానీ డిస్క్ విప్పి ఇంట్లో పెట్టి వెళ్లండి. బీప్ ఎందుకొస్తుందో తేల్చడానికి మెకానిక్‌కు అది అక్కర్లేదు. మనవాళ్లు సిమ్ తీయకుండా ఫోన్ రిపేరుకివ్వరు. సీపీయూ దగ్గరికొచ్చేసరికి మాత్రం పాస్‌వర్డ్ చీటీ పైన అంటించి మరీ అప్పజెప్పి వస్తారు! నిజానికి ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేకుండా డిస్క్‌కు వేసే తాళం) లేకపోతే ఆ చీటీ కూడా అక్కర్లేదు. డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలు, పాన్ కాపీలు అన్నీ తెరుచుకుంటాయి.

ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకో తిరకాసు. మెకానిక్ బయోస్ రీసెట్ చేసినా, బోర్డు మార్చినా విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్‌లోని ఆ తాళం పేరు) రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే మీ ఫొటోలు మీకే దక్కవు. మైక్రోసాఫ్ట్ ఖాతా వాడుతుంటే ఇవాళే ఫోన్‌లో తెరిచి, కీ ఉంటే కాగితం మీద రాసుకోండి.

ఒక రకంగా మీరు అదృష్టవంతులు, మీది కనీసం అరుస్తోంది. ఇప్పటి బోర్డుల్లో రంగురంగుల లైట్లకు చోటుంటుంది, ఆ బీప్ కొట్టే శనగగింజంత స్పీకర్‌కు చాలావాటిలో ఉండదు. కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. కొన్నింటికి ఏ భాగం దగ్గర ఆగిందో చెప్పే బుల్లి లైట్లు పెట్టారు, అవేమో మూసిన క్యాబినెట్ లోపల వెలుగుతాయి. మొన్న స్నేహితుడి కొత్త మెషీన్ ఆన్ చేస్తే చప్పుడు లేదు, బొమ్మ లేదు. పాడైందనుకుని మూడుసార్లు ప్లగ్గు పీకాం. చివరికి తెలిసిందేమిటంటే, డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్‌ను మొదటిసారి సర్దుకోవడానికి బోర్డుకు కొన్ని నిమిషాలు పడుతుందట. మేం పీకిన ప్రతిసారీ పాపం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.