సినిమా పోస్టర్లు చేస్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది కాజీపేట. నేను రైల్వేలో చేస్తాను. మా అమ్మాయి హనుమకొండలో బీకాం రెండో సంవత్సరం. ఖాళీ దొరికితే ఫోన్‌లో హీరోల పోస్టర్లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. ఇప్పుడు డిగ్రీ ఆపేసి, హైదరాబాద్‌లో గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేసి, సినిమాల డిజిటల్ ప్రమోషన్ పనిలో చేరతానంటోంది. ఫీజు లక్షకు పైనే. ఇది నిలబడే పనేనా? కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. డిగ్రీ కూడా ఆపనివ్వకండి. అలాగని ఆ పని మంచిది కాదని నా ఉద్దేశం కాదు. ఆమె ఇంట్లో చేస్తున్నది వేరు, అక్కడ చేయించుకునేది వేరు. ఆ తేడా తెలిశాక కూడా ఇష్టం మిగిలితే అప్పుడు డబ్బు సంగతి చూడొచ్చు.

ఇంట్లో నచ్చిన హీరో ఫొటో తీసుకుని, నచ్చినంతసేపు కూర్చుని ఒక పోస్టర్ చేస్తుంది. సినిమా ప్రచారం చేసే ఏజెన్సీలో ఆ అసలు పోస్టర్ మామూలుగా సీనియర్ల చేతిలో ఉంటుంది. కొత్తవాళ్లకు వచ్చేది దాన్ని రకరకాల సైజుల్లోకి తెచ్చే పని. నిలువు పోస్టర్‌ను యూట్యూబ్ థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) కోసం 1280×720 పిక్సెళ్లలో అడ్డంగా పేర్చాలి. ఇన్‌స్టా పోస్టుకు 1080×1350, స్టోరీకి 1080×1920. ఊరికే కుదిస్తే సరిపోదు, ప్రతిసారీ మనుషుల్నీ అక్షరాల్నీ మళ్లీ సర్దాలి. థంబ్‌నెయిల్‌లో కుడివైపు కింది మూల వీడియో నిడివి పడుతుంది, సినిమా పేరు అక్కడ పెడితే పోయినట్టే. స్టోరీలో పైనా కిందా యాప్ బటన్లు కప్పేస్తాయి. అన్నీ అయ్యాయనుకున్నాక రాత్రి పదకొండింటికి ‘డేట్ మారింది’ అని మెసేజ్ వస్తుంది. మళ్లీ మొదటి నుంచి. మన సినిమాలు ఎక్కువగా శుక్రవారం వస్తాయి కాబట్టి గురువారం రాత్రి అన్నానికి ఆమె కోసం ఎదురుచూడకండి.

ఈ పనిలో మన పిల్లలకు ఉన్న బలం తెలుగు. ఒత్తు ఊడిపోయిన పేరు, గుణింతం తప్పిన ట్యాగ్‌లైన్ బయటికొస్తే కామెంట్లలో ఆడుకుంటారు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్ భారతీయ భాషలకు మార్చకపోతే ఒత్తులు విడిపోతాయని చాలామందికి తెలియదు. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ వాడే అను ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కావు, అందులో కొట్టిన మాటను ఇన్‌స్టా క్యాప్షన్‌లో పెడితే పిచ్చి గీతలొస్తాయి. రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టమనండి. ఆ తర్వాత టైటిల్‌ను చేత్తో గీసి స్కాన్ చేయడం నేర్చుకోవాలి. అసలు డిమాండ్ అక్కడుంది.

సాధన కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూర్చునే మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ వాళ్లు అంతమంది ప్రేక్షకుల్ని సంపాదించుకున్నారు. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఎందరో. వాళ్లకు పాటపాటకూ పోస్టర్, థంబ్‌నెయిల్ కావాలి. డబ్బు తక్కువే ఇస్తారు, ఆలస్యంగా ఇస్తారు. అందుకే సగం అడ్వాన్స్ తీసుకోవాలి, ఎన్నిసార్లు మార్చి ఇస్తుందో ముందే వాట్సాప్‌లో రాసుకోవాలి. అడగడానికి సిగ్గుపడే పిల్లయితే ఆ సిగ్గు ఇక్కడే, చిన్న మొత్తాల దగ్గరే పోవడం మేలు.

మీ వీధి చివర ఫ్లెక్సీ షాపులో ఓ నెల కూర్చున్నా తప్పులేదు. నామోషీ అనుకోకండి, కస్టమర్ ‘ఇంకొంచెం కలర్ పెంచు’ అంటే అర్థమేమిటో అక్కడ తెలిసినంత ఏ క్లాసులోనూ తెలియదు. అక్కడి రంగులు ముద్రణకు, ఆన్‌లైన్ పోస్టర్ల రంగులు స్క్రీన్‌కు, అంతవరకు గుర్తుంటే చాలు.

మరో మాట. హీరోల పోస్టర్లను నిజంగా ఆ సినిమాకు చేసినట్టు చూపిస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతుంది. ‘ఫ్యాన్ మేడ్’ అని స్పష్టంగా రాయాలి.

ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు దారి వేరే ఉంది. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, పోస్టర్ల డిజైన్) బీఎఫ్ఏ డిగ్రీ నాలుగేళ్లు. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. మీ అమ్మాయి మూడో సంవత్సరం దగ్గర ఉంది కాబట్టి వెనక్కి వెళ్లమని నేను చెప్పను.

ఆ లక్షలో కొంత పెట్టి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. ఫోన్‌లో ఈ పని సాగదు. ఒక జానపద పాటకు పోస్టర్, థంబ్‌నెయిల్, స్టోరీ, రిలీజ్ డేట్ కార్డు అన్నీ చేసి, అలాంటివి మూడు పాటలకు సిద్ధం చేయమనండి. వేసవి సెలవుల్లో ఆ ఫోల్డర్ పట్టుకుని హైదరాబాద్‌లో రెండు మూడు ఏజెన్సీల్లో ఇంటర్న్‌షిప్ అడగాలి. పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఏ బండో కాజీపేట రైల్వే ఆయనకు నేను చెప్పాలా!