విమానం ఎక్కే ముందు నీ ఫోన్ సంగతి

మలక్‌పేట, హైదరాబాద్

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ జర్మనీ ప్రయాణానికి ఆవకాయ ఎన్ని కేజీలైందో, సూట్‌కేస్‌లో ఇంకా ఎంత చోటుందో అరగంట చెప్పింది. చివర్లో, "అక్కా, దీనికేదో వీపీఎన్ కావాలట, మూడేళ్లకు ఒకేసారి కడితే బాగా చవకట, కట్టేయమంటావా?" అని అడిగింది. వీపీఎన్ అంటే మన నెట్ వాడకం వైఫైవాళ్లకు కనపడకుండా దాచే యాప్. అప్పుడే వద్దన్నాను. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే నీకే రాద్దామని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేశాను కదా, ఈ ఒక్క విషయంలో నా మాట విను తల్లీ.

ముందు నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల కిందట నా పేరు మీద మీ అందరికీ మెయిళ్లు వచ్చాయి, పర్సు పోయింది, డబ్బు పంపండి అని. అది మీ ఇంట్లో అందరికీ గుర్తే. ఎలా జరిగిందో మాత్రం నేనెవరికీ చెప్పలేదు. మీ అన్న దగ్గరికి వెళ్తూ దారిలో ఒక రాత్రి హోటల్లో దిగాను. లాబీలో ఫోన్ తీస్తే ఆ హోటల్ పేరుతోనే రెండు వైఫైలు కనిపించాయి. ఒకదానికి తాళం గుర్తుంది, రెండోదానికి లేదు. రిసెప్షన్ దగ్గర పెద్ద క్యూ, నాకేమో కాళ్లు పీకేస్తున్నాయి. తాళం లేనిదాన్ని నొక్కాను. పైన హోటల్ బొమ్మ, కింద మీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి అంటూ రెండు గడులతో ఒక పేజీ వచ్చింది. మెయిల్ ఐడీ కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు, మళ్లీ కొట్టండి అంది. మళ్లీ కొట్టాను. తెల్లారేసరికి మెయిళ్లు వెళ్లిపోయాయి. మీ నాన్న పాపం డబ్బు పంపడానికి బ్యాంకుకు బయల్దేరి, గేటు దగ్గర ఎందుకో అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది.

ఆ రోజు నా ఫోన్‌లో ఎంత ఖరీదైన వీపీఎన్ ఉన్నా ఏం లాభం? పాస్‌వర్డ్‌ను దారిలో ఎవరూ కొట్టేయలేదు, నేనే తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. ఇది పాత కథ అనుకోకు. 2024లో ఆస్ట్రేలియాలో పోలీసులు ఒకతని మీద సరిగ్గా ఇలాంటి కేసే పెట్టారు. ఎయిర్‌పోర్టుల్లో, విమానాల్లో కూడా అసలు వైఫై పేరుతోనే సొంత నెట్‌వర్క్ పెట్టి, దొంగ లాగిన్ పేజీతో జనం మెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు రాబట్టాడని. కాబట్టి మొదటిమాట ఇది. వైఫై పేజీ నీ రూమ్ నంబర్ అడగొచ్చు, ఫోన్ నంబర్ అడగొచ్చు. నీ మెయిల్ పాస్‌వర్డ్‌తో దానికి ఏ పనీ లేదు. అడిగిందంటే ఫోన్ జేబులో పెట్టేసి కౌంటర్ దగ్గరికి వెళ్లి, మీ వైఫై పేరేంటి అని నోరు తెరిచి అడుగు.

ఇక బయటి వైఫై అంటే అందరికీ అంత భయం ఎందుకంటే, ఒకప్పుడు ఆ భయం నిజమే. 2010లో ఫైర్‌షీప్ అని ఒకటి వచ్చింది. బ్రౌజర్‌లో దాన్ని పెట్టుకుని కాఫీ షాపులో కూర్చుంటే, అదే వైఫై మీద ఉన్న పక్కవాళ్ల ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరిపోవచ్చు. అప్పట్లో మనం పంపేదంతా పోస్టుకార్డు లాంటిది, చేతులు మారిన ప్రతిచోటా చదవొచ్చు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి. అంటే అంటించిన కవరు. లోపలి ఉత్తరం వైఫైవాడికి కనపడదు, పైనున్న అడ్రస్ మాత్రం కనపడుతుంది. నువ్వు ఏ బ్యాంకు సైట్‌కు వెళ్లావో తెలుస్తుంది గానీ బ్యాలెన్స్ ఎంతో, పాస్‌వర్డ్ ఏంటో తెలియదు. ఆ కవరు ఎవరైనా విప్పబోతే బ్రౌజర్ ఎర్ర గుర్తుతో "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని హెచ్చరిస్తుంది. బయటి వైఫై మీద అది కనిపిస్తే ఎంత తొందరలో ఉన్నా ముందుకు వెళ్లొద్దు. వైఫై ఆపి మొబైల్ డేటా మీదికి మారిపో.

మరి వీపీఎన్ ఏం చేస్తుంది? నీ కవర్లన్నీ ఒక సంచిలో వేసి సీలు వేసి ఒక మధ్యవర్తికి పంపుతుంది. అతను సంచి విప్పి ఏ కవరును ఎక్కడికి పంపాలో అక్కడికి పంపిస్తాడు. వైఫైవాడికి సంచి తప్ప ఇంకేమీ కనపడదు, బాగుంది. కానీ అడ్రస్‌లన్నీ ఇప్పుడు ఆ మధ్యవర్తి చూస్తాడు. అంటే హోటల్ మీద పెట్టాల్సిన నమ్మకాన్ని నువ్వు వీపీఎన్ కంపెనీ మీద పెడుతున్నావు. అందుకే ఎంతకు వస్తోందని కాదు, ఎవరిది అని అడగాలి. మీ అమ్మకు వద్దని చెప్పింది ఇందుకే.

ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్‌ల జోలికి పోవద్దు. ఒనావో అని ఒకటి ఉండేది, నీ డేటాను కాపాడతానని చెప్పేది. 2013లో దాన్ని ఫేస్‌బుక్ కొనేసింది. జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాంట్లోంచే తెలుసుకునేది. 2018లో యాపిల్ ఒత్తిడితో యాప్ స్టోర్ నుంచి తీసేసి, 2019లో మూసేశారు. హోలా అని ఇంకొకటి, తన ఉచిత యూజర్ల ఇంటర్నెట్‌ను బయటివాళ్లకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే నీ కనెక్షన్ మీద ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఏమైనా చేసుకోవచ్చు, అడ్రస్ మాత్రం నీది పడుతుంది.

నన్నడిగితే రెండు పేర్లు చెప్తాను. స్విట్జర్లాండ్‌వాళ్ల ప్రోటాన్‌లో ఉచిత ప్లాన్ ఉంది, డేటాకు పరిమితి లేదు, ప్రకటనలు లేవు. కట్టేవాళ్ల డబ్బుతో అది నడుస్తుంది కాబట్టి నమ్మొచ్చు. ఎయిర్‌పోర్టులో, కాఫీ షాపులో వాడుకోవడానికి నీకు అది చాలు. స్వీడన్‌వాళ్ల ముల్వాడ్ నెలకు 5 యూరోలు. మెయిల్ కూడా అడగదు, ఒక నంబర్ ఇస్తుంది, అదే నీ అకౌంట్. 2023 ఏప్రిల్‌లో పోలీసులు వారెంట్‌తో వాళ్ల ఆఫీసుకు వెళ్లి, కస్టమర్ల వివరాలంటూ ఏమీ లేకపోవడంతో ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లారు. మేం లాగ్స్, అంటే ఎవరు ఏ సైట్‌కు వెళ్లారన్న రికార్డులు, పెట్టం అని అన్ని కంపెనీలూ చెప్తాయి, ఇలా పరీక్షకు నిలిచినవాళ్ల మాటకు నేను ఎక్కువ విలువిస్తాను. బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించి ఆ రిపోర్టు బయటపెట్టారా అన్నదీ చూడు. "మిలిటరీ గ్రేడ్" అన్న మాటకు మాత్రం పడిపోకు, మన బ్యాంకు సైట్లు వాడే ఎన్‌క్రిప్షన్, అంటే ఆ కవరు అంటించే పద్ధతి, కూడా అదే రకం. మూడేళ్లకు ఒకేసారి కట్టొద్దు. నెలకు కట్టి చూడు, నచ్చకపోతే వదిలెయ్.

నీకు దుబాయ్‌లో ఆరు గంటల ఆగుడు ఉందన్నారు. అక్కడ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ వెళ్లవు. పక్కన కూర్చున్నవాళ్లు వీపీఎన్ పెట్టుకుని చేసుకో అంటారు. చేయకు. అక్కడ వీపీఎన్ ఉండటమే నేరం కాదు గానీ, దాని చాటున చట్టం ఒప్పుకోని పని చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది, జైలు కూడా పడొచ్చు. చేరాను అని ఒక మెసేజ్ పెట్టు, మీ అమ్మకు నేను చెప్తాను.

జర్మనీలో యూనివర్సిటీకి ఎడ్యురోమ్ అనే వైఫై ఉంటుంది. దాన్ని వాళ్లిచ్చే సెటప్ యాప్‌తోనే పెట్టుకో, సీనియర్లు చెప్పారని సర్టిఫికెట్ చెకింగ్ (అవతలిది అసలు నెట్‌వర్కేనా అని ఫోన్ చూసుకోవడం) ఆపేసి చేత్తో పెట్టుకోవద్దు. అలా చేస్తే అదే పేరుతో ఎవరు నెట్‌వర్క్ పెట్టినా నీ ఫోన్ వాళ్లకు నీ యూనివర్సిటీ పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. యూనివర్సిటీ ఇచ్చే వీపీఎన్ వేరు, అది ఇంటి నుంచి లైబ్రరీ జర్నల్స్ చదువుకోవడానికి. ఇంకోమాట, రూమ్‌మేట్స్ ఎవరైనా టోరెంట్‌లో సినిమాలు దించుకుంటుంటే నీ కనెక్షన్ ఇవ్వకు. అక్కడ లాయర్ నోటీసు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల ఇంటికే వస్తుంది, వందల యూరోలు అడుగుతారు.

మన బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఒక్కోసారి తెరుచుకోవు, అనుమానమొచ్చి అకౌంట్ లాక్ కూడా చేస్తాయి. ఇండియా సర్వర్ ఎంచుకుంటే సరిపోతుంది అనుకుంటావేమో. 2022లో మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు అయిదేళ్లు దాచాలని ఆదేశించాక పెద్ద కంపెనీలు చాలావరకు ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఇండియా అని కనిపించేది నిజానికి సింగపూర్‌లోనో ఇంకెక్కడో ఉంటుంది. అందుకని బ్యాంకు పని నీ సొంత మొబైల్ డేటా మీద, వీపీఎన్ ఆపేసి చేసుకో. ఓటీపీల కోసం ఇక్కడి సిమ్ బతికుండాలి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకో. మెయిల్‌కు మాత్రం ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకో, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కాకుండా వేరేచోట దాచు. ఎంత జాగ్రత్తపడ్డా మన అకౌంట్‌లో డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, నేను చేసిన తప్పు అదే. వెంటనే బ్యాంకుకు చెప్పు, మీ నాన్న ఇక్కడి నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు.

ఇవన్నీ చదివి టెన్షన్ పడకు. ఆదివారం పొద్దున పదింటికి నేనే వస్తాను. శనివారం రాత్రే ఫోన్, లాప్‌టాప్ అప్‌డేట్‌లకు పెట్టేసి పడుకో. పాత వైఫైలన్నీ ఫర్గెట్ కొట్టేద్దాం. వీపీఎన్ తెగిపోతే నెట్ కూడా ఆగిపోయేలా కిల్ స్విచ్ ఆన్ చేద్దాం. ఎయిర్‌పోర్ట్ వైఫై పేజీ రావాలంటే ముందు వీపీఎన్‌నూ కిల్ స్విచ్‌నూ ఆపి, లాగిన్ అయ్యాక రెండూ మళ్లీ ఆన్ చేయాలి, అదీ ఒకటి రెండుసార్లు చేతికి అలవాటు చేసుకో. వచ్చేటప్పుడు నా ఫోన్ హాట్‌స్పాట్‌కు నీ యూనివర్సిటీ వైఫై పేరు పెట్టుకుని వస్తాను. నీ ఫోన్‌లో అది అచ్చం అసలుదానిలా ఎలా కనిపిస్తుందో నువ్వే చూద్దువుగాని.

మీ అమ్మకు చెప్పు, గోంగూర నేను తెస్తున్నాను, తను చేయొద్దు.

మీ పెద్దమ్మ